మునిలక్ష్మక్కకు రాసిన మెయిలు

కాట్పాడిలో మా ఆఫీసుకు ఎవరో చేతి తొడుగుల నమూనాలు పంపారు. పెట్టె విప్పగానే కొత్త తోలు వాసన గదంతా కమ్ముకుంది. నాకు మొదట పని నేర్చుకున్న గుడియాత్తం గుర్తొచ్చింది.

అక్కడ అగ్గిపెట్టెల గోదాము మేడమీద మునిలక్ష్మక్క చిన్న ఆఫీసు నడిపేది. వ్యాపారులకు కావలసిన కంపెనీల ఈమెయిల్ చిరునామాలు సరిచూసి ఇవ్వడం మా పని. ఆమె తాపీమేస్త్రీ కూతురు. తెలుగు గడగడా మాట్లాడేది, చదువుకున్నది మాత్రం తమిళం; తెలుగు ఒక్క అక్షరమూ రాదు. పరదరామి నుంచి బస్సులో వచ్చే నాకు ఆ పని నేర్పింది ఆమే. నా అతితెలివిని వారంలోనే వదిలించింది కూడా. ఒక కంపెనీ చిరునామాలన్నీ సరైనవేనని కంప్యూటరు చూపిస్తోందని గొప్పగా చెప్పాను. "శరి, గుమ్మడికాయ అని పేరు పెట్టి అదే కంపెనీకి ఒకటి పంపు" అంది. పంపాను. లేని చిరునామాకు పంపితే మెయిలు తిరిగి రావాలి, కానీ అదీ తిరిగి రాలేదు. "సూడమ్మా, గుమ్మడికాయ కూడా ఆడ ఉద్యోగం చేస్తా ఉండాది!" అని పడీపడీ నవ్వింది. కొన్ని కంపెనీల డొమైన్లు, అంటే చిరునామాలో @ తర్వాత ఉండేవి, ముందు ఏ పేరు పెట్టి పంపినా పుచ్చుకుంటాయి. చదివే మనిషి ఉన్నాడో లేడో చెప్పవు. అలాంటి చోట ఫోన్ చేసి, ఆయన ఉన్నాడా, ఏ చిరునామా చూస్తాడు అని అడిగి తీరాలి. ఆమె ఆఫీసులో అదొక నోము.

నాకేమో ఫోన్లంటే విసుగు. వేలూరులో తోలు చేతి తొడుగులు చేసే ఒక పెద్దాయన, నమూనాలు చూడడానికి రమ్మని కంపెనీలకు మెయిళ్లు పంపాలని మమ్మల్ని చిరునామాలు అడిగాడు. ఆ జాబితాను నేను ఒక్క ఫోనూ చెయ్యకుండానే ఇచ్చేశాను. రమ్మన్న రోజు ఆయన నమూనాలన్నీ పరుచుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు.

"పావం, ఆ పెద్దాయన తలుపు దిక్కే సూస్తా కూచున్నాడంట. నీకొక ఫోన్ అంత బరువైపోయినాదా?" అని అక్క అందరి ముందూ కడిగేసింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. అప్పటికప్పుడే సంచి తీసుకుని మెట్లు దిగేశాను.

ఆమె వేలూరు వెళ్లి, తప్పు తనదేనని ఆయనతో చెప్పిందని, నా పేరే ఎత్తలేదని నెల తిరక్కముందే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పేరున్న ఆఫీసు చిరునామాకు, ఆమె చదవగలిగే తమిళంలో, క్షమించమని పెద్ద మెయిలు రాశాను. అది తిరిగి రాలేదు, జవాబూ లేదు. ఇంకా కోపం పోలేదనుకున్నాను. ఏడాది గడిచింది.

చివరికి ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఆమె చెల్లెలు ఎత్తింది.

"అక్క పోయి మూడు నెలలాయెనమ్మా" అంది.

ఏడాది కింద రాసిన నా మెయిలు ఆమె చూసిందా అని అడిగాను.

"నువ్వు పని ఇడిసిపెట్టిన వారంలోనే అక్క పేరుతో ఉండే మెయిలు తీసేసినాము. అందరమూ ఒకే దాంట్లో సూస్తా ఉండాము. నీది యాడికి పోయినాదో ఏమో. ఆ పిల్ల ఒక ఫోనన్నా చేసినాదా అని అక్క కడదాకా అడగతానే ఉన్నింది."

ఆ ఆఫీసు డొమైన్ ఏ పేరుకు వచ్చినా పుచ్చుకునేలా పెట్టింది నేనే. తీసేసిన పేర్లకు వచ్చే మెయిళ్లు ఎవరూ తెరవని మూలకు చేరతాయని నాకు తెలుసు. ఊళ్లోవాళ్ల చిరునామాలన్నీ సరిచూసినదాన్ని, ఈ ఒక్కటీ చూసుకోలేదు.

ఇప్పుడు ఎవరికి ఏం రాసినా, చూశారా అని ఫోన్ చేసి అడుగుతాను. ఆ మెయిలు రాసిన రోజు అక్కకు ఫోన్ చెయ్యనిది మాత్రం విసుగుతో కాదు, ఆమె గొంతులో కోపం వినాల్సి వస్తుందన్న భయంతో. ఇవాళ ఆ తిట్లు వినడానికే నా ప్రాణం కొట్టుకుంటోంది.