గడప దాటించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నేను మరిపెడ దగ్గర పల్లెలో ఎకరం మిరపతోట చేసుకునే సువార్తమ్మను, నా పిరికితనం దాచకుండా చెప్పాలని మీ ముందు నిలబడ్డాను. ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు జరుగుతున్న ఆ చలికాలంలో, హైదరాబాదుకు మేస్త్రీ పనికి పోయిన మా ఆయన యేసోబు జ్వరంతో, దగ్గుతో ఇంటికొచ్చాడు, అవి స్వైన్ ఫ్లూ అంటేనే జనం హడలిపోతున్న రోజులు! దవాఖాన నర్సమ్మ గొంతులోంచి నమూనా తీసుకుని, మాత్రలిచ్చి, ఆయన్ను వేరే గదిలో ఉంచమంది, ఫలితం వచ్చేదాకా ఎవరితోనూ కలవవద్దంది, బస్సులు ఆగిపోయి ఆ ఫలితం కాగితం ఎంతకీ రాలేదు.

ఇంటి వెనక తోటలో మొదటి కోతకు కాయ ఎర్రగా పండి ఉంది. జబ్బు అంటుతుందని తండా నుంచి కూలీలు రాలేదు, ఊరివాళ్లు మా బాటకు ముళ్లకంప అడ్డం వేశారు, నేనొక్కదాన్ని ఎంత ఏరినా కాయ రాలి నేలమీద బూజు పడుతుంటే, పైన మబ్బు కమ్ముకొస్తుంటే, పంటంతా పోతుందని భయపడ్డాను. అంతకంటే పెద్ద భయం ఇంట్లోనే ఉంది. ఆయన దగ్గు వినబడితే చాలు, గంజి గిన్నె గడప మీద పెట్టి పరుగెత్తేదాన్ని, కట్టుకున్న భర్త ఆ గిన్నె దాకా పాకుతూ వస్తుంటే మొహం తిప్పుకున్నాను!

ఐదో రోజు గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. మిరప సాళ్ల మధ్య మోకరించి ఏడ్చాను: "ప్రభువా, లోపలికి పోతే నేను చస్తనని భయమైతంది, పోకుంటే ఆయన చస్తడు. నా కాళ్లు లేస్తలేవు, నువ్వే లేపు తండ్రీ."

భయం పోలేదు, కానీ కాళ్లు లేచాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి పోయి ఆయన తల ఒళ్లో పెట్టుకుంటే, "దగ్గరికి రాకు, నీకంటుకుంటే తోట ఎవరు చూస్తరు?" అన్నాడు. ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. చెంచాతో గంజి తాగించాను, నర్సమ్మకు కబురు పంపాను, రెండు రోజులకు ప్రభువు చెమట పట్టించి జ్వరం దించాడు. తర్వాత వచ్చిన కాగితంలో అది ఆ జబ్బేనని ఉంది. నాకూ ఒళ్లు వెచ్చబడి తగ్గింది.

ఇక ఎవరికీ అంటదని నర్సమ్మ చెప్పిన రోజే, కూలీల పెద్ద మంగ్లి అక్క ముళ్లకంప తానే పక్కకు లాగి పదిమందితో వచ్చి, "జరమొచ్చింది మీ ఆయనకు, మిరపకాయకు కాదు గదా, సంచులు తే పో" అన్నది. పంట సగం పోయింది, సగం దక్కింది, మనిషి దక్కాడు, దేవునికే మహిమ!

మీలో భయపడుతున్నవాళ్లు ఉంటే, ధైర్యం వచ్చాక ప్రార్థిద్దామని ఆగకండి, వణుకుతూనే ప్రభువును పిలవండి, నాలాంటి పిరికిదాన్ని విడిచిపెట్టనివాడు మిమ్మల్నీ విడిచిపెట్టడు.