నా వంతులో వంగిన పుష్ రాడ్

మా నలుగురు రైతులకు కలిపి ఒకటే డీజిల్ ఇంజన్. నలుగురి చేలూ ఒకే నీటికుంట చుట్టూ ఉన్నాయి. వాన మొహం చాటేసినప్పుడు కుంటలో నీళ్లు ఆ ఇంజన్‌తో తోడి, స్ప్రింక్లర్లతో వేరుశనగకు ఒక తడి ఇచ్చుకుంటాం. ఒక్కొక్కరికి రెండు రోజుల వంతు. ఎవరి వంతులో ఇంజన్ చెడితే వాళ్లే బాగు చేయించుకోవాలి, వంతు మాత్రం ఎవరికోసమూ ఆగదు. రెండో రోజు పొద్దు గూకేసరికి ఇంజన్ తరవాతివాళ్ల చేనికి కదలాల్సిందే. ఈ కట్టుబాటు పెట్టినప్పుడు అందరికంటే ముందు తల ఊపింది నేనే. అది నా మెడకు చుట్టుకునేదాకా అందులో తప్పేమీ కనబడలేదు.

ఆ ఏడు సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన ఆగిపోయింది. వేరుశనగ పూత రాలాక సన్నటి ఊడ నేలలోకి దిగితేనే దాని కొసన కాయ పడుతుంది. నేల బిగుసుకుపోతే ఊడ పైనే మాడిపోతుంది. ఆ తరవాత ఎంత వాన కురిసినా పశువులకు మేతే తప్ప మనకు గింజ దక్కదు.

నా వంతు మొదలైన పొద్దున ఇంజన్ తిప్పాను. కాసేపు బాగానే ఆడింది, తరవాత టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. పైమూత విప్పితే పుష్ రాడ్ వంగి ఉంది. కింద క్యామ్ తిరిగినప్పుడల్లా పైకి లేచి, రాకర్‌ను తోసి, వాల్వ్‌ను తెరిపించే ఇనుప కడ్డీ అది. చూడటానికి ఏముంటుంది, చిటికెన వేలంత లావు కూడా ఉండదు. అది వంగితే మాత్రం అంత ఇంజనూ దండగే.

బస్సెక్కి ముదిగుబ్బ పోయి, ఆ మోడల్‌కు పనికొచ్చే రాడ్ అడిగి కొనుక్కొచ్చాను. మధ్యాహ్నం బిగించాను. స్ప్రింక్లర్లు సరిగా తిరగనైనా లేవు, కొత్త రాడ్ కూడా పట్టు తప్పి పక్కకు ఒరిగి వంగింది. కోపం పట్టలేక దాన్ని తీసి కంపచెట్లలోకి విసిరేశాను. మళ్లీ నేనే పోయి ముళ్లు గుచ్చుకుంటుంటే వెతికి తెచ్చుకున్నాను. నా కోపాలన్నీ ఇంతే. విసిరేదీ నేనే, ఏరుకునేదీ నేనే.

మరునాడు పొద్దున్నే ఇంజన్లు బాగుచేసే మేస్త్రిని పిలుచుకొచ్చాను. ఆయన వంగిన రాడ్ల వైపు చూడనైనా లేదు. ఇంజన్ కింది భాగానికీ పైన హెడ్‌కూ మధ్య ఉన్న సందును గోటితో గీకాడు.

"ఏమప్పా, ఒక ప్యాకింగు వేసేకాడ రెండు వేసినారే! ఎవురి తెలివి ఇది?"

ఎవరి తెలివో నాకు తెలియదు. ఎందుకు చేశారో మాత్రం వెంటనే అర్థమైంది. ప్యాకింగ్ అంటే హెడ్ కింద గాలి కారకుండా వేసే పలచటి అట్ట. గాలి కారితే పాత ప్యాకింగ్‌ను గీకి తీసేసి కొత్తది వేయాలి. గీకుతూ కూర్చుంటే వంతు కరిగిపోతుంది. అందుకని మాలో ఎవరో పాతదాని మీదే కొత్తది పరిచి బిగించేశారు. తన రెండు రోజులు గడిస్తే చాలనుకున్నారు. ఆ చోట నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

రెండో ప్యాకింగ్‌తో హెడ్ వడ్లగింజ మందం పైకి లేచింది. దానితోపాటు రాకర్లూ లేచాయి. రాడ్ మాత్రం పాత పొడవే. ఆ వెలితి పూడ్చడానికి రాకర్ స్క్రూను కిందికంటా దించారు. చివరి మర మీద వేలాడుతున్న స్క్రూ అదురుకు వదులై రాడ్‌ను విడిచిపెడుతోంది.

"ఒకటి తీసేస్తే సరిపోదా మేస్త్రీ?"

"రెండూ కరుచుకోనుండాయి. తీస్తే రెండూ చినుగుతాయి. దీని ప్యాకింగు బెంగుళూరు నుంచి తెప్పీయల్ల."

"అయితే పొడుగు రాడ్డు కొనుక్కొస్తా."

"ఎంత పొడుగని అడుగుతావు అంగట్లో?"

మేస్త్రి సంచిలోంచి ఒక కొలత రాడ్ తీశాడు. పాత రాడ్‌ను నడుమ కోసి, రెండు ముక్కలనూ మరబోల్టుతో కలిపి ఆయనే చేసుకున్నది. తిప్పితే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి రెండు వాల్వులూ మూసుకున్న చోట నిలిపాడు. రాకర్ స్క్రూను దాని మర పొడవులో సరిగ్గా నడిమధ్యకు తెచ్చాడు. రాకర్‌కూ వాల్వ్‌కూ నడుమ సందు కొలిచే సన్నటి గేజీ రేకు పెట్టి, అది కాస్త పట్టీ పట్టనట్టు జారేదాకా కొలత రాడ్‌ను పొడిగించాడు. తరవాత మా ఆవిడ కాటుక డబ్బా తెప్పించి, రాడ్ తలమీది గుంటలో కాటుక పూశాడు. చక్రం నెమ్మదిగా తిప్పించి విప్పి చూశాడు. కాటుక గుంట అడుగున చెరిగితే స్క్రూ సరిగ్గా కూర్చున్నట్టు, అంచున చెరిగితే కాదు. మొదటిసారి అంచున చెరిగింది. మళ్లీ సర్దాడు, మళ్లీ పూశాడు. అడుగున చెరిగాక నట్టు బిగించి, ఆ పొడవు కొలుచుకున్నాడు.

"ఈ కొలతకు లేత్ మీద చేయించి, కొసలు కాల్చి గట్టిచేయల్ల. రేపు పొద్దునకి ఇస్తా" అన్నాడు.

రేపటికి నా వంతు ఉండదు. నాకు ఒళ్లు మండింది. "ఈ కొలత రాడ్డే పెట్టి నడుపుదాం. నా చేను మాడిపోతాండాది" అని అరిచాను. నా తరవాతి వంతు అక్కది. అప్పుడే ఆమె పైపులు చూసుకోవడానికి వచ్చింది. మాకు చుట్టరికమేమీ లేదు, ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తుంది. భర్త పోయినప్పటినుంచి చేను తనే చేసుకుంటోంది.

"అది నిలుస్తాదా?" అని మేస్త్రిని అడిగింది.

"నిలిస్తే నిలుస్తాది. ఇరిగి ముక్క కిందికి పడితే ఇంజను పాత ఇనుమే."

ఆమె నా వైపు తిరిగింది. "వద్దప్పా. రేపు మంచి రాడ్డు రానీ. వచ్చినాక నా రెండు దినాలూ నీ చేనికే పెట్టుకో. నాది ఇంకా పూతలోనే ఉండాది, నీది ఊడలు దిగతాండాది."

"నీ వంతు కదక్కా?"

"నాదే. నా వంతు నేను ఎవురికైనా ఇస్తా."

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయపడ్డాను. మరునాడు రాడ్ వచ్చింది, స్క్రూ సరిగ్గా నడుమ నిలిచింది. ఇంజన్ ఒక్క తప్పు కూడా కొట్టకుండా అక్క వంతు రెండు రోజులూ నా చేలోనే ఆడి, అక్కడినుంచి తరవాతివాళ్ల చేనికి కదిలింది. నా చేను తడిసిన వాసన పీలుస్తూ మేస్త్రికీ అక్కకూ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ రాడ్ ఇప్పటికీ వంగలేదు.

ఆ ఏడు నాకు కాయ నిండుగా పడింది. చెట్లు పీకే రోజుల్లో ఒకరి చేనికి ఒకరం పోతాం కాబట్టి అక్క చేనికి పోయాను. పీకిన చెట్టుకల్లా రెండు మూడు కాయలు, అందులోనూ తాలు. నేలలోకి దిగలేక మాడిన ఊడలు కొమ్మలకు అలాగే వేలాడుతున్నాయి. అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఆ ఏడు విత్తడానికి సరిపడా నేల తడిపిన వాన ఒక్కటే పడింది. ఊరంతా ఆ వానకే విత్తాం. ఆమె విత్తే గొర్రూ నా గొర్రూ ఒకే పొద్దు పక్కపక్కనే నడిచాయి. నా చేను ఊడలు దిగుతుంటే ఆమెది పూతలో ఎలా ఉంటుంది?

"అక్కా, పూతలో ఉండాదంటివే!" అన్నాను.

"అట్లనకుంటే నువ్వు నిలుస్తాంటివా? ఆ అతుకు రాడ్డు పెట్టి ఇంజను పగలగొట్టేటోనివి. అప్పుడు నాకు మాత్రం యాడ నీళ్లు?"

అంతా తన లాభానికే చేసినట్టు చెప్పింది. ఆ మాట నేను నమ్మలేదు. ఆ అతుకు రాడ్డు పెట్టకుండా నన్ను ఆపాలంటే వద్దంటే చాలు, వంతు ఇవ్వాల్సిన పని లేదు. తన చేను మాడుతుంటే నా చేలో నీళ్లు చిమ్మే చప్పుడు రెండు రోజులు వింది ఆమె.

"నీ మేలు మర్చిపోనక్కా" అన్నాను.

"ముందు ఆ సాలు పీకప్పా, పొద్దు పోతాండాది" అంది, చెట్టు దులుపుతూ.