కాకా వినకుండా చెక్కిన రాయి

పక్కింటి కాకా పోయారని పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున తెలిసింది. ఆయన కోడలు మా గడపలో నిలబడి, "అక్కా, మామ లేస్తలేడు" అంది. నేను మగ్గం గుంతలోంచి లేచి, అడ్డపోగు తోసే నాడె చేతిలో పట్టుకునే పరుగెత్తాను. చాప మీద పక్కకి తిరిగి పడుకున్నట్టే ఉన్నారు. గోళ్ల సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది. ముప్పై ఏళ్లుగా గోడకి అటు ఆయన సుత్తె, ఇటు నా మగ్గం. ఇప్పుడు నా చప్పుడు ఒక్కటే వినబడుతుంటే నాకే నచ్చడం లేదు.

కోస్గి చుట్టుపక్కల గుళ్లలో ఆయన చెక్కిన విగ్రహాలు చాలానే ఉన్నాయి. రాయి రాగానే సుత్తెతో నాలుగు వైపులా మెల్లగా కొట్టి, చెవి పెట్టి వినేవారు. గంటలా మోగితే పని మొదలు. మొద్దుగా పలికితే లోపల పగులుందని వదిలేసేవారు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే, "జర ఆగుండ్రి, అది మాట్లాడుతాంది" అని నోరు మూయించేవారు. నాకు నవ్వొచ్చేది.

అంత చెవి ఉన్న మనిషి ఒక్క రాయి దగ్గర తప్పు చేశారు. ఎల్లమ్మ విగ్రహం అది. ముఖమూ భుజాలూ అయ్యాక గుండె దగ్గర పగులు బయటపడింది. పగిలిన విగ్రహాన్ని గుడిలో ఎవరు నిలబెడతారు? ఊరివాళ్లు వేరేది చేయించుకున్నారు. దీన్ని కాకా వేపచెట్టు కింద పెట్టి గోనెపట్టా కప్పేశారు. అడిగిన వాళ్లందరికీ "రాయి మోసం జేసింది" అని చెప్పారు.

నాలుగేళ్ల కింద నా బిడ్డ జ్వరంతో పోయింది. పందొమ్మిదేళ్లది. జడ్చర్లలో చదువుకుంటూ, సెలవులకొస్తే మగ్గం మీద కూర్చునేది. అది సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. నేను దాని జోలికి పోలేకపోయాను. ఆ చీర పూర్తయితే తప్ప ఇంకోటి ఎక్కదు, ఇంకోటి ఎక్కితే తప్ప ఇల్లు గడవదు. కోసేద్దామన్నాడు మా ఆయన. కోస్తే నన్ను కోయమన్నాను. ఓదార్చడానికి వచ్చిన వాళ్లని కూడా కసిరి పంపాను.

కాకా ఓదార్చలేదు. ఒకరోజు పిలిచి, గోనెపట్టా తీసి, ఒక గరుకురాయీ చెంబెడు నీళ్లూ నా ముందు పెట్టారు.

"చేతులు ఊకెనే ఉన్నయి గద. జర రుద్దు బిడ్డా."

కోపమొచ్చింది. అయినా రుద్దాను. నెల రోజులు ఏడుస్తూ, తిడుతూ రుద్దాను. అమ్మవారి చెంపలు నున్నబడ్డాయి. పగులు మాత్రం అలాగే ఉంది. "ఇది పోదు కాకా" అని గరుకురాయి విసిరేశాను.

ఆయన దాన్ని ఏరి తెచ్చి పక్కన పెట్టారు. "రాయి మోసం జెయ్యలే. గిది వచ్చిన వారంలనే మీ చిన్నమ్మ పోయింది. సుత్తెతోని కొట్టిన గాని ఇనలే. పనిల పడితే మర్చిపోతననుకున్న. నా తప్పు రాయి మీద ఏసిన. ఎవ్వలికీ చెప్పలే బిడ్డా."

కాకా భార్య చిన్నమ్మ పోయిన సంగతి నాకు తెలుసు. ఆ పగులుతో దాన్ని ఎన్నడూ కలిపి చూడలేదు. ఆ రోజు ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

మర్నాడు ఆయన ఉలి పట్టారు. గుండె దగ్గర మొదలై పగులు ఏ దారిన పోయిందో ఆ దారినే సన్నని కాడ చెక్కారు. చివర, భుజం మీద, రెండు ఆకులు. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"నా బిడ్డ పోతే పూలు పూస్తయా కాకా?"

"పువ్వు పెట్టలే బిడ్డా. రెండాకులే పెట్టిన. పూస్తదో పూయదో నాకేమెర్క? నెర్రెను దాచిపెట్టలే, గంతే."

ఆ వారమే నేను మగ్గం గుంతలోకి దిగాను. బిడ్డ ఆపిన చోట, తెగిన పోగులకి ముడులు వేసి, నేయడం మొదలుపెట్టాను. దాని చెయ్యి గట్టిది, నేత బిగుతుగా వస్తుంది. నాది వదులు. రెండూ కలిసిన చోట గీత గీసినట్టు తెలిసిపోతుంది. చీర దిగాక కాకా దాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఆ గీత మీద వేలు పెట్టి, "గీడికెల్లి నువ్వొచ్చినవు" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను మళ్లీ మనిషినయ్యాను. బతికుండగా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. నా నోటికి తిట్లు వచ్చినంత తొందరగా ఇలాంటివి రావు.

దినాలయ్యాక కాకా కొడుకు ఆ విగ్రహం ఏం చేద్దామని అడిగాడు. నలుగురి చేత మోయించి మా వాకిట్లో పెట్టించుకున్నాను. నిన్న పొద్దున గట్టి వాన. వెలిశాక ఎండ కాసింది. మధ్యాహ్నం నేత ఆపి బయటికొచ్చి చూశాను. ముఖం ఆరింది, చేతులు ఆరాయి, రాయంతా తెల్లబడింది. కాడ ఒక్కటే ఇంకా తడిగా, నల్లగా, రెండాకుల దాకా ఉంది.