మా కంప్యూటర్‌కు కడుపు నిండిన రోజు

పర్వత్ పాటియాలో నేను చీరల డిజైన్లు గీసే ఆఫీసులో ఏ బొమ్మైనా ఉండేది సర్వర్‌లోనే. అవే ఫైళ్లను అవతల ప్రింటింగ్ మిల్లు వాళ్లూ తెరుచుకుంటారు. మేం తెరిచిన ప్రతి ఫైలుకూ మా కంప్యూటర్ ఒక నకలు దాచుకుంటుంది. ఆ దాచుకునే చోటును క్యాష్ అంటారు. మేం సేవ్ చేసిందీ ముందు అందులో పడి, తర్వాత తీరిగ్గా సర్వర్‌కు చేరుతుంది.

ఇంతకు మించి దాచుకోకూడదని సర్వర్లు చూసే ఇంజనీరు దానికో హద్దు పెట్టాడు. మా గుజరాతీ సేఠ్‌కు నచ్చలేదు. వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టినా పూరీ వేసే మనిషి ఆయన. "ఖావా దో నే! తిననీ పాపం, లిమిట్ దేనికి?" అని హద్దు తీయించేశాడు.

నేను సొంతంగా గీసిన మొదటి నెమలి ఆ మధ్యాహ్నానికి మిల్లుకు చేరాలి. అప్పటిదాకా పక్కవాళ్ల పువ్వులకు రంగులు మార్చడమే నా ఉద్యోగం. ఇన్నేళ్లూ ఇంట్లో కూర్చుని ఎవరెవరి చీరలకో రాళ్లు అంటించిన అమ్మతో నా బొమ్మ ఉన్న చీర కట్టించాలని నా పంతం.

పొద్దున్నే సేఠ్ నా కుర్చీలో కూర్చుని ఓ వ్యాపారికి పాత డిజైన్లన్నీ తెరిచి చూపించి వెళ్లాడు. ఆ తర్వాత నేను నెమలిని పూర్తి చేసి సేవ్ నొక్కాను. ఆ నకళ్లన్నీ చేరి డిస్కులో ఆవగింజంత చోటు లేదు. సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్ కుప్పకూలింది. తెర బిగుసుకుపోయింది.

ఇంజనీరు వచ్చి చూశాడు. "రీస్టార్ట్ చేయాలండీ."

"చేస్తే నా నెమలి పోతది. ముట్టుకున్నవో, చూడు మరి!"

కంప్యూటర్ డబ్బాను కావలించుకుని కూర్చున్నాను. సేఠ్ బతిమాలాడు, టీ తెచ్చినాయన బతిమాలాడు. ఊడ్చే ఆమె "జర కాళ్లు లేపు బిడ్డా" అంటే కాళ్లు లేపాను గానీ చేతులు తీయలేదు.

"డిస్కులోకి ఎక్కింది ఎక్కడికీ పోదండీ," అన్నాడు ఇంజనీరు. "పాత నకళ్లు తీసి చోటు చేస్తే మీ నెమలిని కంప్యూటరే సర్వర్‌కు పంపుతుంది."

ఒట్టు వేయించుకుని వదిలాను. అతను నకళ్లు తీసి రీస్టార్ట్ చేశాడు. నెమలి నిజంగానే వెళ్లింది. ఆఫీసంతా చప్పట్లు. సేఠ్ అందరికీ ఫాఫ్డా తెప్పించాడు. నములుతూ ఫైలు తెరిచాను. పింఛం ఉంది, తురాయి ఉంది, కాలు మాత్రం ఒక్కటే ఉంది. చేరింది అంతకుముందు సేవ్ చేసిన నెమలి. రెండో కాలు గీసి నొక్కిన సేవ్‌కు చోటే దొరకలేదన్నమాట. మిల్లుకు ఫోన్ చేస్తే "ఫైల్ ఆగయా, ఛపాయీ షురూ" అన్నారు సంతోషంగా. అచ్చు మొదలైపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఆ చీర ఒకటి భయపడుతూనే ఇంటికి తెచ్చాను. అమ్మ కొంగు పరిచి, వంగి చూసింది.

"గిదేందే, దీనికి ఒక్కటే కాలున్నది?"

"ఇంకోటి కంప్యూటర్ మింగిందమ్మా."

అమ్మ ఆ కొంగును భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది.

"మంచిగైంది తియ్. రెండుంటే ఎటన్న నడిచిపోతుండె. ఇప్పుడు నా మీదనే ఉంటది."