బొట్టు పెట్టిన కార్డు

గండయ్యకు వద్దు అనడం రాదు.

నాచారం పారిశ్రామికవాడలో పంతొమ్మిదేళ్లుగా ఒకే లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. మిషన్ ఆపి, ఇనుప కడ్డీని బొటనవేలితో తడిమి, ఇంకెంత గీకాలో చెబుతాడు. కొలిచి చూస్తే సరిగ్గా అంతే ఉంటుంది. ఆ చేతికి అంత తెలుసు. నోటికి మాత్రం ఒక్క మాట తెలియదు. ఎవరైనా వచ్చి, అన్నా, జర ఐతారం నా షిఫ్టు చెయ్యవా అంటే తల దానంతటదే ఊగుతుంది. ఒక ఆదివారం ఇద్దరు అడిగారు. ఇద్దరి షిఫ్టూ చేశాడు. అతని ఇంట్లో నాలుగు గొడుగులున్నాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడుగులమ్మే మనిషి ప్రతి వానాకాలం ఒకసారి అతన్ని అడుగుతాడు.

ఇల్లు ఉప్పల్ పాత ఊళ్లో. తాతల నాటి పొలం ఎప్పుడో ప్లాట్లయింది. మిగిలింది కింద రెండు గదులు, పైన ఒక గది, వెనక కొట్టంలో రెండు బర్రెలు. బర్రెలు భార్య రుక్కమ్మవి. పొద్దున్నే కాలనీలో పాలు పోసి వస్తుంది. పై గదిలో సత్యనారాయణమూర్తి అద్దెకుండేవాడు. గోదావరి జిల్లా మనిషి, నాచారంలో ఒక బడిలో లెక్కలు చెప్పేవాడు.

రెండువేల ఏడు వేసవిలో ఫ్యాక్టరీ గేటు ముందు ఒక బల్ల వెలిసింది. బల్ల వెనక మెడలో టై కట్టుకున్న అమ్మాయి. ఎండకు ముఖం కమిలిపోయింది.

"అన్నా, ఇవాళ ఒక్కరు కూడ సంతకం పెట్టలే. క్రెడిట్ కార్డన్నా. నువ్వన్న పెట్టు."

గండయ్య పెట్టాడు. ఆమెకు మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాడు.

మూడు వారాలకు కార్డు వచ్చింది. కొత్త వస్తువు ఏదైనా ఇంట్లోకి వస్తే రుక్కమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పోచమ్మ గూట్లో ఒక రోజు ఉంచుతుంది. సైకిలు గూట్లో పట్టదు కాబట్టి దాన్ని గూటి ముందు నిలబెట్టింది. మిక్సీకి పెట్టింది. గ్యాసు పొయ్యికి పెట్టింది. కార్డుకూ పెట్టింది.

అద్దె ఇవ్వడానికి కిందికి దిగిన మూర్తి గూట్లో దాన్ని చూశాడు.

"ఇదేంటండీ గండయ్యగారు, దేవుడి దగ్గర క్రెడిట్ కార్డు?"

"కొత్తది గద సారు."

"దీంతో మీరు ఏమైనా కొంటారా?"

"ఏం కొంట సారు. ఆ పిల్ల అడిగింది, తీసుకున్న."

"ఏడాది దాటితే వాడినా వాడకపోయినా చార్జీ వేస్తారండి. అక్కర్లేకపోతే ఫోన్ చేసి తీసేయించుకోండి. వద్దని చెబితే చాలు."

కొట్టంలోంచి రుక్కమ్మ నవ్వు వినిపించింది.

"ఇగ అయినట్టే సారూ! గీయన వద్దంటడా? పెండ్లిసూపులల్ల నన్నే వద్దనలే."

"నిన్నెందుకు వద్దంటనే?" అన్నాడు గండయ్య.

"నన్ను గాక మా అక్కను సూపెట్టినా వద్దనకపోదువు."

ఫోన్ మూర్తిది. గండయ్య మెట్ల మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు సంగీతం వచ్చింది. తరవాత ఒక ఆడగొంతు.

"నమస్కారం సర్. నా పేరు గీతిక. చెప్పండి సర్."

"బిడ్డా, కార్డు తీసేయాలె."

"ఎందుకు సర్? మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"అయ్యో, పొరపాటేం లేదు బిడ్డా."

"మరి ఎందుకు సర్ తీసేయడం?"

గండయ్య ఆలోచించాడు. ఏ పొరపాటూ చెయ్యనిదాన్ని తీసెయ్యమనడం అతనికి న్యాయంగా తోచలేదు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు సర్?"

"నేను, నా భార్య. బిడ్డకు పెండ్లయింది, చర్లపల్లిల ఉంటది."

"మేడమ్‌కి కార్డు ఉందా సర్?"

"ఆమెకెందుకుంటది?"

"ఎందుకు ఉండకూడదు సర్?"

గండయ్య కొట్టం వైపు చూశాడు.

"మేడమ్ పేరు?"

"రుక్కమ్మ."

"పుట్టిన తేదీ?"

"బోనాలప్పుడు పుట్టింది."

అవతల కీబోర్డు టకటకలాడింది. "జూలై ఒకటి అని వేస్తాను సర్."

ఫోన్ తిరిగిస్తుంటే మూర్తి అతని ముఖం చూశాడు.

"తీసేశారా?"

"రుక్కమ్మకు గూడ ఒకటి పంపిస్తరట సారు."

రుక్కమ్మ చేతిలో తవుడు బకెట్టు ఉంది. దాన్ని కింద పెట్టి భర్తను చూసింది.

"బర్రెల పేర్లు గూడ రాపియ్యకపోయినవా? రెండున్నయి గద."

రెండో కార్డు కవరు వచ్చిన రోజు గండయ్య పనినుంచి వచ్చేసరికి రుక్కమ్మ దాన్ని విప్పి, గడప మీద కూర్చుని ఉంది. కార్డు మీద ఉబ్బెత్తుగా లేచిన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదేంది?"

"నీ పేరు."

"గిదంత నా పేరేనా?"

"నీ పేరే."

"నీ పేరు యాడున్నది?"

గండయ్య కార్డు తీసుకుని తిప్పి చూశాడు.

"లేదు. నీదొక్కదే."

రేషన్ కార్డులో ఆమె పేరు గండయ్య పేరు కింద ఉంటుంది. ఓటరు కార్డులో పేరు పక్కనే భర్త గండయ్య అని ఉంటుంది. ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ మామ పేరు మీదే వస్తుంది. కాలనీలో ఆమెను అందరూ పాలామె అంటారు. ఇరవై ఏళ్లుగా పాలు పోయించుకుంటున్న శ్యామలమ్మ కూడా పాలామె అనే అంటుంది.

రుక్కమ్మ బొటనవేలిని ఆ అక్షరాల మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిపింది. మళ్లీ వెనక్కి నడిపింది. ఒక వస్తువును వేలితో చదవడం అంటే ఏమిటో గండయ్యకు తెలుసు. అతను చూస్తూ నిలబడ్డాడు.

దానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి గూట్లో పెట్టింది. మర్నాడు తియ్యలేదు. ఆ తరవాతా తియ్యలేదు. దీపం పెట్టేటప్పుడు ఒకసారి చేతిలోకి తీసుకుని, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది.

వేసవి తిరిగొచ్చింది. మూర్తి గుర్తు చేశాడు. "వచ్చే నెలకు ఏడాది నిండుతుందండి. ఇప్పుడు చార్జీ రెండు కార్డులకీ పడుతుంది." ఈసారి అతనే ఇంగ్లీషులో ఉత్తరం రాసి, గండయ్యతో సంతకం పెట్టించి, పోస్టు చేశాడు. పది రోజులకు జవాబొచ్చింది. మూర్తి చదివి తెలుగులో చెప్పాడు. రెండు కార్డులనూ అడ్డంగా రెండు ముక్కలుగా కోసి పంపాలి. అప్పుడే తీసేస్తారు.

"కోసుడా?" అంది రుక్కమ్మ. "బొట్టు వెట్టినదాన్ని కోస్తరా సారూ?"

"ప్లాస్టిక్ ముక్కేగా అమ్మా."

"మిక్సీ గూడ ప్లాస్టికే."

కొంతసేపటికి ఆమె లోపలికి వెళ్లి, రెండు కార్డులూ తెచ్చి మెట్టు మీద పెట్టింది.

"పంపియ్. వాళ్ల వస్తువు వాళ్లకే. మనమేం జేస్కుంటం."

ఆ మాట గట్టిగానే అంది. కానీ బొటనవేలు రెండో కార్డు మీదినుంచి ఇంకా లేవలేదు.

గండయ్య రేకులు కోసే కత్తెర తెచ్చాడు. పోచమ్మ గూటికి ఒకసారి దండం పెట్టాడు. తన కార్డును కోశాడు. ముక్కలను కవర్లో వేశాడు. రెండోదాన్ని తీసి రుక్కమ్మ చేతిలో పెట్టాడు.

"నీది కొయ్యను."

"కొయ్యకపోతే తియ్యరట గద?"

"సారు, జర ఫోన్ కలుపు."

మూర్తి స్పీకర్ పెట్టి ఇచ్చాడు. ఈసారి కూడా గీతికే. లేదా ఆ పేరుతో మాట్లాడే ఇంకో అమ్మాయి.

"సర్, మీకోసం వచ్చే ఏడాది చార్జీ పూర్తిగా మాఫీ చేస్తాం సర్. కార్డులు ఉంచుకోండి."

మూర్తి తల ఊపాడు, ఒప్పుకోమన్నట్టు. గండయ్య గొంతు సవరించుకున్నాడు.

"వద్దు బిడ్డా."

రుక్కమ్మ తలెత్తింది.

"ఎందుకు సర్? ఒక్క రూపాయి కూడా పడదు."

"వచ్చే ఏడు మళ్ల నీకు ఫోన్ జెయ్యాలె. వద్దనుడు ఒక్కసారికే పానం మీదికొస్తున్నది."

అవతల ఆ అమ్మాయి నవ్వు ఆపుకున్నట్టుంది.

"అయితే రెండు కార్డులూ కోసి పంపండి సర్."

"నాది కోసిన. ఆమెది కొయ్యను. దానికి బొట్టు పెట్టింది. మీ ఇంట్ల బొట్టు పెట్టినదాన్ని కోస్తరా?"

"మా అమ్మ కోయనివ్వదు సర్." గొంతు తగ్గించింది. "సర్, ఒక పని చేయండి. కార్డు పోయిందని చెప్పండి. పోయిందంటే ఇక్కడినుంచే ఆపేస్తాను. కోయక్కర్లేదు."

మూర్తి ఈసారి రెండు చేతులతోనూ సైగ చేశాడు. గండయ్య అతని వైపు చూడలేదు. రుక్కమ్మ ఒళ్లో ఉన్న కార్డును చూశాడు.

"కండ్ల ముంగటున్నది. పోయిందని ఎట్ల జెప్త? వద్దు బిడ్డా. ఆ కార్డు మా తాన్నే ఉంటది. నువ్వు తీసేసేది తీసెయ్."

సంగీతం వచ్చింది. ముగ్గురూ మెట్ల దగ్గర కదలకుండా ఉన్నారు. వెనక బర్రె ఒకటి అరిచింది. పితికే వేళయింది.

"సర్, మా పైవాళ్లను అడిగాను. ఆపేయొచ్చన్నారు. కానీ ఆ కార్డు మేడమ్‌ది. ఆవిడే చెప్పాలి."

గండయ్య ఫోన్‌ను రుక్కమ్మకు అందించాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది.

"మీ పేరు చెప్పండి మేడమ్."

"రుక్కమ్మ," అంది. వీధి చివరకు వినపడేంత గట్టిగా.

"మీ కార్డు ఆపేయమంటారా?"

రుక్కమ్మ తలెత్తి చూసింది. భర్త తన వైపే చూస్తున్నాడు. ఆమె ఏమంటే అదే అన్నట్టు.

"ఆపెయ్ బిడ్డా."

"ఆపేశాను మేడమ్. ఇక ఆ కార్డు పనిచేయదు."

"గిప్పటిదాంక ఏం పని జేసింది బిడ్డా?"

ఈసారి అవతల నవ్వు ఆగలేదు. మూర్తి కూడా నవ్వుతూ ఫోన్ తీసుకుని పైకి వెళ్లాడు.

గండయ్య మెట్టు మీదనే కూర్చుండిపోయాడు. చొక్కా వీపుకు అతుక్కుంది.

"జర చాయ్ పెడ్తవా?" అన్నాడు.

"పాలు పిండుడున్నది. నువ్వే పెట్టు. నాక్కూడ."

రుక్కమ్మ కార్డును జాకెట్లో దోపుకుని, చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. గండయ్య లేచి పొయ్యి వెలిగించాడు.