పదిహేను వారాల జాబితా

అందరూ ఆయనను ప్రెస్సుగారనే పిలిచేవారు. ప్రార్థనామందిరం వెనుక సందులో ఒంటిగది అచ్చాఫీసు. అందులో ముప్పయ్యేళ్ళుగా ఆదివారపు ఆరాధన పత్రాన్ని ఆయనే సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసేవారు. ముందువైపు పాటలు, వాక్యభాగాలు. వెనుకవైపు ప్రార్థన కోరే రోగుల పేర్లు. ఎక్కడైనా ఒక దీర్ఘం జారిందా, కట్టంతా చించి మళ్ళీ మొదలుపెట్టేవారు. అక్షరాల మీద కుదిరినంత శ్రద్ధ మనుషుల మీద కుదరడం కష్టం. బడిలో ఏళ్ళ తరబడి హాజరు పిలిచిన పంతుళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు.

సంఘం పుట్టిననాడే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు: శనివారం స్వయంగా చూసివచ్చిన రోగి పేరే పత్రంలోకి ఎక్కాలి. ఆ తిరుగుడు ప్రెస్సుగారిదే. ఒక శనివారం మోకాళ్ళు మొరాయించాయి. "ఒక్క వారానికేం!" అనుకుని, పాత పేర్లకు కూర్చిన అక్షరాలు విప్పకుండా, ముందువైపు మాత్రం మార్చి అచ్చువేశారు. ఎవరూ అడగలేదు. మరుసటి వారమూ అడగలేదు. అలా పదిహేను వారాలు గడిచాయి.

పదహారో ఆదివారం పాస్టరుగారు జాబితా చదువుతుంటే, ఎప్పుడో కోలుకుని రెండో వరుసలో కూర్చున్న పోస్టుమాస్టరు తాత తన పేరుకు తానే గట్టిగా "ఆమెన్" అన్నాడు.

"తాతా, అది మీ కోసమే!" అంది వెనుకనున్న ఒకావిడ.

"నాకేమైందే?"

"ఏమో! మూణ్ణెల్ల నుంచీ మంచం దిగలేదటగా!"

మందిరమంతా నవ్వింది. ప్రెస్సుగారూ నవ్వుతూనే చేతిలోని పత్రం వెనుకవైపుకు తిప్పారు. మంచం దిగినవాణ్ణే ఎవరూ గమనించలేదంటే, మంచం పట్టినవారి మాటేమిటి? అచ్చాఫీసు గోడ మేకుకు గుచ్చిన చీటీ కళ్ళముందు మెదిలింది. 'మా ఆయనకు పక్షవాతం వచ్చింది, పేరు చేర్చండి' అని సంఘంలో బట్టలు కుట్టే చెల్లెమ్మ ఇచ్చి పదకొండు వారాలైంది. ఆమె కొన్నాళ్ళుగా ఆరాధనకు రావడం లేదు. కుట్టుపని ఎక్కువై ఉంటుందనుకున్నారు ఆయన.

పాస్టరుగారితో చెప్పుకుంటే, "చూసుకోకుండా చదివింది నేనేగా! వచ్చేవారం కొత్తది వేసేద్దాం, ఊరుకోండి" అన్నారు. ఆ తేలిక మాటే ఆయనను మరింత కుంగదీసింది.

సోమవారం పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించింది.

"ఐదు వారాలు చెవులు రిక్కించుకుని కూర్చున్నానన్నయ్యా. ఇంటికొచ్చి, 'ఇవాళ నీ పేరు చదివారు' అని ఆయనతో అబద్ధం చెప్పేదాన్ని. ఇక చెప్పలేక రావడం మానేశాను."

లోపలి నుంచి ముద్దముద్దగా మాట వినిపించింది. "ఎవరూ, బావేనా? రా. సంఘమంతా... నా కోసం ప్రార్థన చేస్తోందటగా."

ఆమె కళ్ళు వద్దని వేడుకున్నాయి. అవునంటే ఆ పూట గడిచిపోతుంది. కానీ ఆ అబద్ధాన్ని ఆమె ఒక్కతే ఇకపైనా మోయాలి. ప్రెస్సుగారు లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డారు.

"చెయ్యలేదు బావా. చెల్లెమ్మ చీటీ ఇచ్చింది. నేనే వెయ్యలేదు. నిన్ను చూడ్డానికీ రాలేదు. మోకాళ్ళ నొప్పని మొదట ఓ వారం మానేశాను, ఆ తర్వాత బద్ధకం."

రోగి భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అతను చూపు కుట్టుమిషను మీది బట్ట వైపు తిప్పుకున్నాడు.

"మా ఆవిడ మీద కోపం లేదు," అన్నాడతను చివరికి. ప్రెస్సుగారి మాట ఎత్తలేదు. "నడుం లాగేస్తోంది. ముందు నన్ను లేపి కూర్చోబెట్టు."

ప్రెస్సుగారు చంకల కింద చేతులు వేశారు. మనిషి చిక్కి సగమయ్యాడు. అయినా ఆయన ఒక్కరివల్ల కాలేదు. ఆమె వచ్చి రెండోవైపు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆమె మాత్రం ప్రెస్సుగారి ముఖంలోకి చూడలేదు.