మా సార్‌కు కప్పిన శాలువాలు

మా డ్రామా సార్ పోయారన్న కబురు నాకు బస్సులో ఉండగా తెలిసింది. ములుగు దగ్గర స్కూల్లో పనిచేస్తాను. బస్సు హనుమకొండ దాటకముందే మాతో నాటకాలాడే సలీం ఫోన్ చేసి, "అక్కా, సార్ లేడు" అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. నేను కండక్టర్‌తో గొడవపడి స్టేజీ కాని చోట దిగాను. దిగాక మడికొండ వెళ్ళే ఆటో దొరికేదాకా రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఒక్క చోట నిలబడలేకపోయాను. ఇది రాస్తున్నప్పుడు కూడా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మడికొండలో సార్ కూతురి ఇంటి ముందు అప్పటికే షామియానా వేశారు. నాకంటే ముందే మా నాటక సమాజం కరుణాకర్ వచ్చి ఉన్నాడు. ఇప్పుడు కార్పొరేటర్ కదా, వెంట పదిమంది మనుషులు. లోకల్ చానెల్ మైకు పట్టుకొని, "సార్ నాకు తండ్రితో సమానం. నన్ను ఇంతవాణ్ణి చేసింది ఆయనే" అంటున్నాడు. గొంతు ఎక్కడ వణకాలో అక్కడే వణికింది. ఆ వణుకు కూడా సార్ నేర్పిందే. నాకు ఒళ్ళు మండిపోయింది. చావింట్లో అరిస్తే బాగుండదని సలీం నా చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకెళ్ళాడు. ఆ రోజు మింగిన మాటలు ఇక్కడ చెప్పుకుంటాను.

సార్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. రిటైరయ్యాక మా నాటక సమాజమే ఆయన సంసారం. బ్యాంకు గుమస్తాలు, మెడికల్ షాపు వాళ్ళు, నాలాంటి పంతులమ్మలు, పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే టైలర్ సలీం, అందరం ఆయన చేతి కిందే. రిహార్సల్‌లో కళ్ళద్దాలు తీసి, కళ్ళు మూసుకొని వినేవారు. "చూస్తే మీ మొహాలు మోసం చేస్తయ్. వింటె దొరుకుతరు" అనేవారు. బాగుందని ఎవరినీ ఏనాడూ మెచ్చుకోలేదు. బాగాలేకపోతే "మళ్ళ చెయ్" అనేవారు. బాగుంటే ఏమీ అనకుండా జేబులోంచి నాలుగు పల్లీలు తీసి నోట్లో వేసుకునేవారు. ఆ పల్లీల చప్పుడు కోసం మేం పడిచచ్చేవాళ్ళం.

పురాతన రోము మీద ఆయన ఒక నాటకం రాశారు. యుద్ధాలు గెలిచొచ్చిన సేనాని రాజైపోతాడేమోనని కొందరు పెద్దమనుషులు భయపడతారు. వాళ్ళలో ఒకడు, అసూయపరుడు, సేనానికి స్నేహితుడూ ఊళ్ళో మంచిపేరున్నవాడూ అయిన ఒకణ్ణి పొగిడి పొగిడి తనవైపు తిప్పుకుంటాడు. అందరూ కలిసి నిండుసభలో సేనానిని పొడిచి చంపుతారు. ఆ పేర్లు మనకు నోరు తిరగవని సార్ అన్నీ తీసేసి సేనాని, స్నేహితుడు, ఎగదోసేవాడు అని పెట్టారు. చివరికి నాకొచ్చింది స్నేహితుడి భార్య వేషం. భర్త మనసులో ఏదో తొలుస్తోందని కనిపెట్టి, అదేమిటో చెప్పమని ప్రాణం తీసే మనిషి.

ఈ నాటకానికి సార్ పద్ధతి విచిత్రంగా ఉండేది. ప్రదర్శన దగ్గరపడేదాకా వేషాలు ఖాయం చేయరు. ఇవాళ పొడిచినవాడు రేపు పొడిపించుకోవాలి. పొడిపించుకున్నాక శవమై దుప్పటి కింద పడుకొని, తన గురించి మిగతావాళ్ళు మాట్లాడేదంతా కదలకుండా వినాలి. సార్ ఈ విషయంలో ఎవరినీ వదిలిపెట్టలేదు. నేనూ పడుకున్నాను. నా మంచితనం గురించి ఒకడు, నా దుర్మార్గం గురించి ఒకడు నా తల దగ్గరే నిలబడి చెబుతుంటే, లేచి ఇద్దరినీ ఒకటి పీకాలనిపించింది.

"గట్లనే ఉంటది బిడ్డా. గది తెల్వకుంట కత్తి పట్టుకోవద్దు" అన్నారు సార్.

ఒక్క కరుణాకర్ మాత్రం శవంగా పడుకోవాల్సిన రోజున తప్పకుండా మాయమయ్యేవాడు. అర్జెంటు ఫోన్, అత్తగారికి బీపీ, బండి పంక్చర్. ఎగదోసేవాడి వేషం మాత్రం ఇవ్వగానే ఎగిరి గంతేసేవాడు. అందులో అతణ్ణి మించినవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. సలీంది సరిగ్గా తలకిందులు. ఎంతసేపైనా అలా పడుకొనేవాడు, ఊపిరి కూడా కనపడనిచ్చేవాడు కాదు. చివరికి సేనాని వేషం అతనికే వచ్చింది.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒక నాయకుడు హాలు, లైట్లు, మైకులు అన్నీ తానే చూసుకుంటానని కరుణాకర్‌తో కబురు పెట్టాడు. ఒకటే కోరిక. సేనానికి తన ప్రత్యర్థిలాగా తెల్ల చొక్కా, నల్లద్దాలు, భుజం మీద కండువా వేయాలి. కరుణాకర్‌కు టికెట్ ఆశ ఉందని మాకందరికీ తెలుసు. సార్ విని నవ్వేశారు.

"సేనాని ఒక్కని తీరుగ కనవడితే, మిగిలినోళ్ళందరు మేం మంచోళ్ళమని ఇంటికి పోతరు. నా నాటకం చూసినోనికి నిద్ర పట్టద్దు" అన్నారు. ఆ సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను.

వారం తిరక్కుండా కరుణాకర్ మా ఇంటికొచ్చాడు. టీ తాగాడు, మా అత్తమ్మ ఆరోగ్యం అడిగాడు, ఆ తర్వాత మొదలుపెట్టాడు. "సార్ పెద్దోడైండక్కా. ఎన్ని దినాలు కష్టపెడతం? మంచిగ సన్మానం జేసి, గౌరవాధ్యక్షుణ్ణి జేద్దాం. డైరెక్షన్ ఫికర్ ఇగ మనం పడదాం. ఈ మాట నువ్వు చెప్తెనే మంచిగుంటది. నీ మాటంటె అందరికి ఇజ్జతు. సమాజంల నీ అసుంటి మనిషి లేదక్కా."

ఇన్ని నెలలు రిహార్సల్‌లో విన్న మాటలివే. స్టేజీ మీద ఎగదోసేవాడు స్నేహితుడితో అన్నవే ఇప్పుడు నా ఇంట్లో, నా సోఫాలో కూర్చొని నాతో అంటున్నాడు. "నాతోని కాదు తమ్మీ" అని పంపేశాను. చెప్పులేసుకొని సరాసరి సార్ దగ్గరికి పరిగెత్తాను.

సార్ అంతా విన్నారు, కళ్ళు మూసుకొనే. "నాకెరుకనే బిడ్డా" అన్నారు.

"ఎరుకైతే కూసుంటరా? రేపు మీటింగ్ పెట్టండ్రి. గట్టిగ అడుగుదాం. సగం మంది మనదిక్కే ఉన్నరు."

"ఉన్నరు. రేపు నా దిక్కు సగం, వాని దిక్కు సగం అయితరు. ఎల్లుండికి నాటకం ఉండదు. నాకు కుర్చీ కంటే నాటకం కావాలె."

"వాడు నాటకాన్ని సుత పాడుజేస్తడు సార్!"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన మీద వచ్చిన కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదంటారు. రాస్తున్నాను. ఆయన ఒక్క మాట అంటే మేం కొట్లాడేవాళ్ళం. అనలేదు.

సన్మానం జరిగింది. మన దగ్గర మనిషిని పక్కకు తప్పించాలంటే కత్తులెందుకు? పూలదండ వేసి, మెమెంటో చేతికిచ్చి, పొగిడితే చాలు. ఒక్కొక్కరూ వరసగా వచ్చి ఒక్కో శాలువా కప్పారు, కప్పి ఫోటో దిగారు. ఎండాకాలంలో అన్ని శాలువాల కింద సార్ చెమటలు కక్కుతూ, ప్రతివాడికీ నమస్కారం పెట్టారు. ఆఖర్న కరుణాకర్ వచ్చి కాళ్ళు మొక్కాడు. ఆ సాయంత్రమే సమాజం వాట్సాప్ గ్రూపులో సార్ అడ్మిన్‌గా లేరు. నేను గ్రూపులోంచీ నాటకంలోంచీ ఒకేసారి బయటికొచ్చాను.

సలీం మాత్రం ఉండిపోయాడు. "నేను పోతె ఇంకోన్ని పెడతరక్కా. సార్ రాసిన మాటలు ఖరాబ్ జేస్తరు" అన్నాడు. ప్రదర్శన రోజున సార్ నన్ను ఫోన్ చేసి పిలిచారు. "పోదాం పా. మన నాటకమే గద."

ఇద్దరం ఆఖరి వరసలో కూర్చున్నాం. హాలు నిండా ఆ నాయకుడి మనుషులే. సలీం నల్లద్దాలు, కండువాతో స్టేజీ మీదికి రాగానే ఈలలు. పొడిచే ఘట్టంలో అందరూ లేచి నిలబడి ఆ ప్రత్యర్థి పేరు పెట్టి బూతులు తిట్టారు. సలీం పడిపోయాడు. శవం పక్కన నిలబడి మాట్లాడాల్సిన నటుడు నోరు తెరిచాడు గానీ ఒక్క ముక్క వినపడలేదు. ఎవడో నీళ్ళ సీసా విసిరాడు. అది సలీం భుజానికి తగిలింది. ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత చెప్పు. సలీం కదలలేదు. ఎగదోసేవాడి వేషంలో స్టేజీ మీదున్న కరుణాకర్ మొదటి వరసలోని నాయకుడి వైపు చూసి నవ్వాడు.

సార్ లేచారు. ఇంటికి పోదామంటారనుకొని నేనూ లేచాను. ఆయన మాత్రం స్టేజీ వైపు నడిచారు. నేను వెనకే పరిగెత్తి మెట్ల దగ్గర ఆగిపోయాను. సార్ చెప్పులు కింద విడిచి, గోడ పట్టుకొని మెట్లెక్కి, సలీం తల దగ్గర బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. అతని నల్లద్దాలు మెల్లగా తీసి మడిచి పక్కన పెట్టారు. నుదుటి మీద అరచెయ్యి వేశారు.

హాలు చల్లబడింది. ఆ ముసలాయన నాటకంలో ఉన్నాడా, బయటివాడా, చచ్చినవాడికి తండ్రా, ఎవరికీ తెలియలేదు. సీసా ఎత్తిన ఒక చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

సార్ తలెత్తి, బిక్కచచ్చి నిలబడ్డ ఆ నటుణ్ణి చూశారు. "ఊఁ, చెప్పు నాయినా. ఇప్పుడు వింటరు" అన్నారు. మైకు ఆ మాటను హాలంతా వినిపించింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. సలీం కదలలేదు, కళ్ళు కూడా తెరవలేదు. మూసిన కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే, సార్ వేలి చివరతో తుడుస్తూ తెర పడేదాకా అలాగే కూర్చున్నారు.